‘ఎలర్జీ’ అని ఎవరు చెప్పారు?

మొన్నామధ్య రాత్రి పదకొండున్నరకి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అమీర్‌పేటలో కోచింగు. హాస్టల్లో ఒక గదిలో ఆరుగురు.

"మామయ్యా, ఎలర్జీ వచ్చింది. నిద్ర పట్టట్లేదు. ఏం ట్యాబ్లెట్ వేసుకోమంటావ్?"

"ఎలర్జీ అని ఎవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదు. దురదగా ఉందిగా!"

మన ఇళ్ళల్లో దురదకి మూడు పేర్లున్నాయి. పెద్దవాళ్ళయితే "వేడి చేసింది" అంటారు. నడివయసువాళ్ళు "ఏదో పడలేదు" అంటారు. కుర్రకారు "ఎలర్జీ" అంటారు. మూడూ చూడకుండా పెట్టే పేర్లే. వేడి చేసిందంటే మజ్జిగ తాగుతాం, పడలేదంటే వంకాయ మానేస్తాం, ఎలర్జీ అంటే ఒక సెట్రిజిన్ మింగుతాం. అంతటితో మన బాధ్యత తీరిపోయిందనుకుని గోక్కుంటూ పడుకుంటాం. చేయని నేరాలకు వంకాయ పడ్డ శిక్షలు లెక్కపెడితే ఒక గ్రంథమవుతుంది.

తెల్లారుజామున లేవడం ఎలాగో, నలుగురిలో తడబడకుండా మాట్లాడడం ఎలాగో పుస్తకాలు కొనుక్కుని మరీ చదువుతాం. సొంత ఒంటిమీది మచ్చను వెలుతురులో పెట్టుకుని అయిదు నిమిషాలు నిదానంగా చూడడం మాత్రం మనకెవరూ నేర్పలేదు. నాకూ నేర్పలేదు. దెబ్బ తిని నేర్చుకున్నాను.

మూడేళ్ళ కిందట నడుం దగ్గర, సరిగ్గా బెల్టు బిగుసుకునే చోట, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ లేచింది. మందుల షాపుకి వెళ్ళి "దురదకి ఏదైనా ట్యూబు ఇవ్వు బాబూ" అన్నాను. అతను చూపించమనలేదు, నేను చూపించలేదు. ఇద్దరికీ మొహమాటం. ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో దురద మాయం. అద్భుతం అనుకున్నాను. ఆపితే మళ్ళీ మొదలు. రాస్తే తగ్గుతుంది, ఆపితే వస్తుంది. ఇలా రెండు నెలలు. రూపాయి బిళ్ళ కాస్తా అరచేయంతయి, తొడ దాకా పాకింది. అంచులు చెదిరిపోయి, అది మచ్చో మ్యాపో తెలియని స్థితికొచ్చింది.

అప్పుడు వెళ్ళాను స్కిన్ డాక్టరు దగ్గరికి. ఆవిడ ముందు మచ్చ చూడలేదు. "ఏం రాశారు? ట్యూబు తెచ్చారా?" అని అడిగింది. తేలేదు. ఫోన్లో ఫొటో ఉంటే చూపించాను. పెద్దది చేసి, కంపెనీ పేరు వదిలేసి, కింద చీమతలకాయంత అక్షరాలు చదివింది. అందులో మూడు నాలుగు మందులు కలిసి ఉన్నాయి. ఒకటి ఫంగస్‌కి, ఒకటి బాక్టీరియాకి, ఇంకొకటి క్లోబెటసాల్. అది స్టెరాయిడ్. తర్వాత ఒక బ్లేడుతో మచ్చ అంచున మెల్లగా గీరి, రాలిన పొట్టును గాజుపలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. "రండి, చూడండి" అంది. సన్నటి దారాలు, కొమ్మలు కొమ్మలుగా, నా చర్మంలో! ఎలర్జీ కాదు, వేడీ కాదు. తామర.

చెరువులో పూస్తే పూజకి పనికొచ్చే పేరు, ఒంటిమీద పూస్తే ఎవరికీ చెప్పుకోలేని పేరు. తామరకి కారణం ఒక ఫంగస్. చెమట పట్టి గాలి ఆడని చోటు దానికి మాగాణి: గజ్జలు, నడుము, చంకలు, రొమ్ముల కింద. గుండ్రంగా పెరుగుతుంది. అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా, పొట్టు రాలుతూ ఉంటుంది. మధ్యభాగం తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆ అంచే దాని సంతకం. స్టెరాయిడ్ రాస్తే చెరిగిపోయేదీ ఆ సంతకమే. ఎరుపూ దురదా ఫంగస్ మీద మన ఒళ్ళు చేసే గొడవ. స్టెరాయిడ్ ఆ గొడవని అణిచేస్తుంది, ఫంగస్‌ని ముట్టుకోదు. దొంగ దూరిన ఇంట్లో కుక్క నోరు కట్టేసినట్టన్నమాట. ఇంట్లోవాళ్ళు హాయిగా నిద్రపోతారు, దొంగ తీరిగ్గా సర్దుకుంటాడు. పైగా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, తొడల్లో చారలు పడతాయి. అవి జన్మలో పోవు.

మన దేశంలో ఇది ఎంత ముదిరిందంటే, ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మేలా 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా "దురదకి ట్యూబు" అంటే ఇప్పటికీ చాలాచోట్ల చేతిలో పెడతారు. 2020లో జపాన్ పరిశోధకులు, భారత్, నేపాల్ మనుషుల నుంచి తీసిన ఒక మొండి తామర ఫంగస్‌కి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మామూలుగా వాడే టెర్బినఫిన్‌కి అది చాలాసార్లు లొంగదు. 2023లో న్యూయార్క్‌లోనూ తేలింది. ప్రపంచానికి మనం ఇచ్చినవాటిలో ఇదొకటి ఉండకపోతే బాగుండేది.

కాబట్టి ఈ రోజే ఒక పని చేయండి. ఇంట్లో మందుల డబ్బా తీసి, అందులో మూతలు పోయిన ట్యూబులన్నీ బయట పెట్టండి. చిన్నక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్. ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి డాక్టరు చెప్పిన లెక్కలో వాడితే మంచి మందే. తెలియని మచ్చ మీద సొంతంగా రాస్తే మాత్రం నా కథే. వదిన వాడిన ట్యూబు మరిదికి, మరిది వాడింది పనిమనిషికి ఇచ్చే ఉదారత కాస్త తగ్గించుకుందాం.

సరే, మేనల్లుడు లైన్లోనే ఉన్నాడు.

"ఎప్పుడు ఎక్కువగా ఉంటోంది?"

"పగలు పర్లేదు మామయ్యా. దుప్పటి కప్పుకున్నాక చంపేస్తోంది."

"ఎక్కడెక్కడ?"

"వేళ్ళ సందుల్లో. మణికట్టు దగ్గర. బొడ్డు చుట్టూ. ఇంకా..." ఆగిపోయాడు.

"ఇంకా అక్కడ కూడానా?"

"ఊఁ."

"గదిలో ఇంకెవరైనా గోక్కుంటున్నారా?"

"పక్క బెడ్డువాడు. వాడిదీ ఎలర్జీయే అన్నాడు."

"ఒకే గదిలో ఇద్దరికీ ఒకేసారి ఎలర్జీ ఎలా వచ్చిందిరా?"

అటునుంచి చాలాసేపు మాట లేదు.

ఎప్పుడు, ఎక్కడ, ఇంకెవరికి, ఏం రాశావు. నాలుగు ప్రశ్నలు. డాక్టరు దగ్గరికెళ్ళినా ఆవిడ అడిగేవి ఇవే. ముందే మీకు మీరు అడిగి ఉంచుకుంటే అక్కడ నీళ్ళు నమలక్కర్లేదు. వాడి జవాబులన్నీ ఒకే పేరు వైపు వేలు చూపించాయి, గజ్జి.

ఈ మాటే పెద్ద అడ్డంకి. గజ్జి అంటే మనకి జబ్బుకన్నా ముందు తిట్టు గుర్తొస్తుంది. గజ్జికుక్క అంటాం, కులగజ్జి అంటాం. అందుకే ఆ జబ్బు వచ్చినవాడు చచ్చినా ఆ మాట అనడు. "స్కిన్ ఎలర్జీ" అని గౌరవంగా చెప్పుకుని, గౌరవంగా గది మొత్తానికీ అంటిస్తాడు. నిజానికది కంటికి ఆననంత పురుగు. ఆడపురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వి, రోజుకి రెండో మూడో గుడ్లు పెడుతుంది. ఐరోపాలోనూ ఒకప్పుడు ఒంట్లో రసాలు చెడితే గజ్జి వస్తుందనే అనుకునేవారు. 1687లో బొనోమో అనే ఇటలీ వైద్యుడు పురుగుని సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మలతో సహా ఉత్తరం రాశాడు. మూడు వందల ఏళ్ళు దాటింది. మనం ఇంకా వేడి దగ్గరే ఉన్నాం.

మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే తనకి ఉందని తెలిసేలోపే మనిషి పంచిపెట్టేసి ఉంటాడు. గదిలో "నాకేం లేదు" అని ధీమాగా కూర్చున్నవాడికీ ఉండొచ్చు. అందుకే ఈ జబ్బుకి ఒక్కడు మందు రాసుకుంటే లాభం లేదు. డాక్టర్లు సాధారణంగా పర్మెత్రిన్ క్రీము రాస్తారు. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు, మర్మావయవాలు ఏదీ వదలకుండా రాత్రి పూసుకుని పొద్దున్నే స్నానం చెయ్యాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. ఇంట్లో అందరూ, గదిలో అందరూ, అదే రాత్రి. దురద ఉన్నా లేకపోయినా. పసిపిల్లలకీ గర్భిణులకీ డాక్టరు చెప్పినట్టే. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యాలి. ఉతకలేనివి సంచిలో మూతి బిగించి కనీసం మూడు రోజులు పక్కన పెడితే పురుగు ఆకలితో చస్తుంది. మనిషి ఒంటిమీద తప్ప అది రెండు మూడు రోజులకి మించి బతకదు. ఇంకో సంగతి, మందు సరిగ్గా పనిచేసినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. చచ్చిన పురుగుల మీద ఒళ్ళు ఇంకా అలిగే ఉంటుంది. మందు పనిచెయ్యలేదనుకుని రోజూ క్రీము పూసుకుంటే చర్మం మండిపోతుంది.

ఇదంతా మేనల్లుడికి చెబితే, "మందు సంగతి సరే మామయ్యా, వాళ్ళకి ఎలా చెప్పను?" అన్నాడు. అసలు ప్రశ్న అదే. స్టేజీ ఎక్కి మాట్లాడడం ఎలాగో వాడికి కోచింగులో చెబుతున్నారు. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి అంతకంటే గుండె కావాలి. నేను చెప్పించింది ఇదీ: "అబ్బాయిలూ, నాకు గజ్జి. డాక్టరు చెప్పింది. అందరం ఒకే రోజు రాసుకోకపోతే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. శనివారం రాత్రి పెట్టుకుందాం." క్షమాపణలు వద్దు, ఎవరినుంచి వచ్చిందన్న విచారణ వద్దు. పేరు, కారణం, పని, రోజు. "ముందు డాక్టరుకి చూపించు, ఆ తర్వాతే ఉపన్యాసం" అని ఫోన్ పెట్టేశాను.

ట్యాబ్లెట్ మింగితే పోతుందన్న నమ్మకం గురించి కూడా ఒక మాట. చిన్నప్పుడు మా ఊళ్ళో బడి వెనక కంచె మీద దూలగొండి కాయలు కాసేవి. పైన బంగారు రంగు నూగు. ఏడో తరగతిలో ఒకడు ఆ నూగు నా చొక్కా కాలర్లో వేశాడు. లెక్కల పీరియడ్ మొత్తం బెంచీకేసి వీపు రుద్దుకున్నాను. దద్దుర్లకు కారణమైన హిస్టమిన్‌కీ ఆ దురదకీ సంబంధం లేదు. దూలగొండి నూగులో మ్యూక్యునైన్ అనే ఎంజైము ఉంటుంది. అది నేరుగా చర్మంలోని నరాల చివర్లను వేరే తలుపు గుండా తడుతుంది. దురదకి దారి ఒకటి కాదన్న సంగతి శాస్త్రజ్ఞులు తేల్చుకోవడానికి ఈ నూగే ఎంతో పనికొచ్చింది. సెట్రిజిన్ మూసేది హిస్టమిన్ తలుపుని. తామరకి, గజ్జికి, పొడిచర్మానికి, ఎగ్జిమాకి దాంతో పెద్ద ఒరిగేది లేదు. కందది ఇంకో కథ. దానిలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉండి గుచ్చుకుంటాయి. మా అమ్మమ్మ చేతులకి నూనె రాసుకుని, చింతపండు దగ్గర పెట్టుకుని కంద తరిగేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెతైతే ఉంది కానీ, తరిగేవాళ్ళకి మాత్రం ఉంటుంది.

సెట్రిజిన్‌కి న్యాయంగా దక్కే చోటు దద్దుర్లు. ఉన్నట్టుండి దోమ కుట్టినట్టు, కొన్నిసార్లు అరచేయంత, ఉబ్బుతాయి. పొట్టు రాలదు. ఒక పరీక్ష చెబుతాను, పైసా ఖర్చు లేదు. బాల్‌పెన్నుతో ఒక దద్దురు చుట్టూ గీత గీసి టైము చూసుకోండి. ఇరవై నాలుగు గంటల్లోపు ఆ గీతలోది మాయమై ఇంకోచోట లేచిందా, దద్దుర్లే. గీతలోనే కూర్చుని ఉందా, ఇంకేదో. ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉంటే తప్పనిసరిగా చూపించుకోవాలి. పెదాలు, నాలుక వాచినా, గొంతు పట్టేసినా, ఆయాసం వచ్చినా పెన్నులూ గీతలూ పక్కన పడేసి ఆసుపత్రికి పరుగెత్తాలి.

అసలైన ఎలర్జీ కూడా ఉంది, లేకపోలేదు. దాని ఆకారమే చెబుతుంది ఎవరు చేశారో. వాచీ పట్టీ కింద పట్టీ వెడల్పునే ఎర్రబడితే వాచీ. బొడ్డు కింద బెల్టు బకిల్ తగిలేచోట అయితే అందులోని నికెల్. గిల్టు కమ్మలు పెట్టుకున్న చెవి తమ్మెలూ అంతే. మా పెద్దమ్మకి నుదుటిమీద స్టిక్కరు బొట్టు చోట గుండ్రంగా దురద మొదలై, ఆ తర్వాత తెల్లమచ్చ పడింది. బొట్టు వెనక జిగురు చేసిన పని అది. జుట్టు రంగు వేసుకున్న రెండో రోజు చెవుల వెనకా, నుదుటి అంచునా దురదపెట్టి, కళ్ళు వాచాయంటే రంగులోని పీపీడీ మీద అనుమానం పడాలి. నల్ల గోరింటాకు కోన్లలోనూ అదే కలుపుతారు. మన గోరింటాకు ఎర్రగానే పండుతుందన్న సంగతి మరిచిపోకూడదు.

పొలం పనిచేసేవాళ్ళ ముఖం, మెడ, మోచేతుల మడతలు నల్లబడి, గట్టిపడి దురద పెడుతుంటే చుట్టూ వయ్యారిభామ మొక్క ఉందేమో చూడాలి. తెల్లటి చిన్న పూలతో గట్ల నిండా ఉండేదే, కాంగ్రెస్ గడ్డి అంటారు. ముట్టుకోనక్కర్లేదు, దాని పొడి గాలిలో వచ్చి వాలినా చాలు. పలాస వైపు జీడిపిక్కలు కొట్టేవాళ్ళ వేళ్ళు ఎందుకలా పొక్కుతాయో అడగండి, పిక్క పెంకులోని నూనె గురించి వాళ్ళే చెబుతారు. ఒకప్పుడు చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టిన నల్లజీడి గింజదీ అదే కుటుంబం. ఆ గుర్తు తగిలిన మెడ మీదే దురద వచ్చేది.

మోచేతులు, మోకాళ్ళు, తలలో, వెండి పొట్టు రాలే మందపాటి మచ్చలయితే సోరియాసిస్ కావచ్చు. అది అంటుకోదు. పక్కన కూర్చోవడానికి జంకేవాళ్ళకి ఈ ముక్క గట్టిగా చెప్పండి. వేసవిలో మెడ మీదా వీపు మీదా సన్నగా గుచ్చే చెమటకాయలకి పలచటి నూలుబట్ట, చన్నీళ్ళు, ఫ్యాను చాలు.

ఇంకొకటి ఉంది, అది మన చేతులే తయారుచేసే జబ్బు. చీలమండ మీదో మెడ వెనకో ఒకే ఒక్క చోట. టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ, తెలియకుండానే చెయ్యి అక్కడికే వెళ్తుంది. గోకేకొద్దీ చర్మం ఏనుగుతోలులా మందమవుతుంది, మందమయ్యేకొద్దీ దురద పెరుగుతుంది. వేణ్ణీళ్ళు పోస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది కదా? ఆ సుఖం పది నిమిషాలే. వేడి నీళ్ళు చర్మంలోని నూనెని కడిగేస్తాయి, రాత్రికి దురద రెట్టింపవుతుంది. గోరువెచ్చని నీళ్ళతో తొందరగా స్నానం ముగించి, ఒళ్ళు తడి ఉండగానే కొబ్బరినూనో మాయిశ్చరైజరో రాయండి. ఆ ఒక్క చోటికీ గుడ్డకట్టు కట్టి ఉంచండి. చెయ్యి వెళ్ళినప్పుడు వేలికి గుడ్డ తగులుతుంది, మనసుకి అప్పుడు తెలుస్తుంది. మా పక్కింటాయన కట్టు కట్టిన మొదటిరోజు లెక్కపెట్టుకున్నాడు. సాయంత్రం వార్తలయ్యేలోపు నలభై ఒక్కసార్లు.

మచ్చే లేకుండా ఒళ్ళంతా వారాల తరబడి దురద పెడితే తప్పు చర్మానిది కాకపోవచ్చు. కాలేయం, కిడ్నీలు, థైరాయిడ్, ఐరన్ లోపం, ఇవన్నీ రక్తపరీక్షలో తేలతాయి. గర్భిణులకి చివరి నెలల్లో, ముఖ్యంగా రాత్రిళ్ళు, అరచేతులూ అరికాళ్ళూ మచ్చలు లేకుండా దురదపెడితే "కడుపుతో ఉన్నప్పుడు మామూలేనమ్మా" అని అత్తగారు సర్దిచెప్పినా వినొద్దు. పిత్తరసం నిలిచిపోవడం వల్ల కావచ్చు, అది బిడ్డకి ప్రమాదం. మర్నాడే చూపించాలి.

అన్నిటికన్నా తిరకాసు మచ్చ అసలు దురదే పెట్టదు. లేతరంగులోనో ఎర్రగానో ఉంటుంది, గిల్లితే తెలియదు, దూది తగిలినా తెలియదు. బాధ లేదు కనుక ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోరు. అది కుష్ఠు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే పూర్తిగా నయమవుతుంది. గోక్కున్నవాడు ఏదో ఒకరోజు డాక్టరు దగ్గరికెళ్తాడు. గోక్కోనివాడిని ఇంట్లోవాళ్ళే చూసి పంపాలి.

ఆ శనివారం రాత్రి మేనల్లుడి నుంచి ఫొటో వచ్చింది. నిక్కర్లలో అయిదుగురు, ఒంటినిండా క్రీముతో మెరుస్తూ, ఫ్యాను కింద చేతులు చాచి నిలబడ్డారు. గోడవారన మూతులు బిగించిన నల్ల సంచులు, వాటిమీద స్కెచ్ పెన్నుతో తారీకు.

"అయిదుగురేరా? ఆరోవాడేడి?"

"ఊరెళ్ళాడు మామయ్యా. ఫోన్ చేసి చెప్పా. ట్యూబు అక్కడే కొనుక్కుని ఇంట్లో అందరూ ఈ రాత్రే రాసుకుంటామన్నాడు."

"ఏమైనా అన్నాడా?"

"మూడు వారాల నుంచీ వంకాయ మానేశాట్ట. రేపు తినొచ్చా అని అడిగాడు."